ఏనుగు మెడలో మోగిన మెసేజీ

"అబద్ధమాడితే ఈ టీ నా గొంతులోనే అడ్డం పడనీ. జరిగింది జరిగినట్టు చెప్తాండా. ఒక ముక్క ఎక్కువ లేదు, ఒక ముక్క తక్కువ లేదు" అంటూ గోవిందస్వామి బల్ల మీద కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు.

ఆయన అట్లా ఒట్టు పెట్టుకున్నాడంటే మాకు తెలుసు, ఇంక మా బస్సు వచ్చినా పోయినట్టే. పుంగనూరు బస్టాండు పక్కన అన్నపూర్ణమ్మ టీ అంగడి, దాన్ని ఆనుకుని గోవిందస్వామి ఫ్లెక్సుల అంగడి. మొన్నమొన్నటి దాకా పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ ఫ్లెక్సులు వేసుకుని బతికేవాడు. ఈ మధ్య ఆ బోర్డు కింద ఇంకో బోర్డు తగిలించాడు: 'రీల్సు, మెసేజీల ద్వారా మీ వ్యాపారానికి ప్రచారం చేయబడును'. అప్పటి నుంచి ఆయన మనిషి మారాడో లేదో గానీ మాట మాత్రం బాగా పెరిగింది.

ఆ రోజు ఆయన కథ మా కోసం ఎత్తుకోలేదు. ఎదురుగా కూర్చున్న అంబిక కోసం ఎత్తుకున్నాడు. నిమ్మనపల్లె దారిలో టమాటా నారు పెంచి అమ్మే చిన్న నర్సరీ ఆమెది. పొద్దున్నే మదనపల్లె వచ్చి, అక్కడ బస్సు మారి ఇక్కడ దిగింది. టీ ఇస్తే తాగలేదు. ఫోను చేతిలోనే పట్టుకుని, అది మోగుతుందేమో అన్నట్టు దాన్నే చూస్తూ ఉంది. వచ్చీ రాగానే ఆమె అడిగింది ఒకే ప్రశ్న.

"నిన్న చౌడేపల్లె పక్క రైతులందరికీ మెసేజీలు పంపినానంటివి కదన్నా. ఇంతవరకూ ఒక్కరు ఫోన్ చేయలేదే, యాల?"

దానికి జవాబు చెప్పడానికని గోవిందస్వామి వెంకటగిరికోట రామక్క దగ్గర మొదలుపెట్టాడు.

"ఆడికే వస్తాండా తల్లీ, తొందర పడొద్దు. నీకు రామక్క తెలుసా? కోటలో బొరుగుల బట్టీ. తెలీదు కదా? ఎవురికీ తెలీకపోవడమే ఆయమ్మ కష్టం. ఆయమ్మ ఏంచిన బొరుగులు నోట్లో ఏసుకుంటే నమిలే పని లేదు, దోవ కనుక్కోని అవే కడుపులోకి పోతాయి. అయినా అంగడి ముందర కాకి కూడా వాలదు. నేను ఏదో పని మీద ఆ పక్క పోయింటిని. సూస్తే ఆయమ్మ బియ్యం మూట మీద కూచోని ఏడుస్తాండాది. ఏమ్మా అంటి. ఎవురూ రారు నాయనా అనె. నాకు మనసు ఆగుతాదా? జేబులోనించి ఫోన్ తీసినా. బాండలిలో ఇసక, ఇసకలో బియ్యం, టపటపటపా పేలతాండాయి, ఆ సద్దు, ఆ పొగ, పొగలో రామక్క మొగం. రీలు తీసినా. ఎంతసేపు? నువ్వు తుమ్మి ముక్కు తుడుచుకునేంత సేపు. తీసి పెట్టేసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద్దుమునిగే లోపల పది మంది వచ్చినారు."

"పది మందికేనా ఇంత రాగం?" అన్నాడు పూలంగడి మునిచంద్ర, మూర దండ కడుతూనే. ఆయన రోజూ టీ తాగే వేళకి ఈ కథలూ తాగుతాడు, కానీ ఏదీ మింగడు.

"అబద్ధం చెప్పనప్పా, మొదటి రోజు పది మందే. నాకేం ఎచ్చులు పొయ్యే అలవాటు లేదు. కానీ తెల్లారి లేచి సూస్తే ఏముండాది? రోడ్డు లేదు. రోడ్డు ఉండాల్సిన తావున మనుషులుండారు. కోట బస్టాండు నుంచి రామక్క అంగడి దాకా తలలే తలలు. కుప్పం నుంచి బస్సులు నిండుకోని, నిండిన బస్సుల మీద మళ్లా ఇంకో వరస కూచోని వస్తాండారు. కండక్టరు టికెట్టు కొట్టలేక, అందరూ బొరుగులకే కదా అని, అందరికీ కలిపి ఒకే టికెట్టు కొట్టినాడు."

"అన్నా" అంది అంబిక, "నా నారు సంగతి..."

"అదే చెప్తాండా తల్లీ."

"ట్రేల్లో ముదురుతాండాది. ఈ వారం దాటితే నాటినా కాపు రాదు. దిబ్బలో పోయాల్సిందే. మొన్న వాన పడింది, అందరూ దుక్కులు దున్నుకోని ఉండారు. ఈ నాలుగు దినాల్లో కొంటే కొన్నట్టు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నా."

గోవిందస్వామి తన ఫోను తీసి చూశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆ చూపులో నాకు కొంచెం భయమే కనిపించింది. కానీ ఆయన భయపడితే గొంతు తగ్గదు, పెరుగుతుంది.

"నిద్ర గురించి నాకు చెప్పొద్దు తల్లీ! ఆ వారం నేను కన్ను మూస్తే ఒట్టు. రీలు ఆగదే! కుప్పం టేషన్లో నిలవని రైలు కూడా నిలిచింది. మద్రాసు పొయ్యేది ఒకటి, బెంగుళూరు పొయ్యేది ఒకటి, రెండూ ఎదురెదురుగా నిలిచిపోయినాయి. గార్డు పచ్చజెండా ఊపతాడు, ఇంజను కదలదు. యాల కదలదు? డ్రైవరే లేడు. సంచి పట్టుకోని బొరుగుల వరసలో నిలబడుండాడు. నాకు సెమటలు. ఎందుకంటే అడిగేది ఎవుర్ని? నన్ను. రీలు పెట్టిన మహానుభావుడు ఎవురని టేషను మాస్టరు మైకులో పిలస్తాండాడు."

"పోయినావా?" అంది అన్నపూర్ణమ్మ, పాలు పొంగకుండా ఊదుతూ.

"యాడ పోతానమ్మా, నా సుట్టూ అప్పటికే జనం. ఇంతలో నెత్తి మీద సద్దు. పైకి సూస్తే ఇమానం. కువైట్ నుంచి మనోళ్లు. మదనపల్లె పిలకాయలు, పుంగనూరు పిలకాయలు, రీలు సూసి నోరూరి, సేటు కాడ సెలవడక్కుండా ఎక్కేసినారు. కోటలో ఇమానాశ్రయం లేదు కదా, చెరుకు తోటలో దింపినారు."

కువైట్ అనగానే అంబిక తలెత్తింది. "నా రీలుకీ కువైట్ నుంచే కదన్నా లైకులన్నీ వచ్చింది. నువ్వు తీసిన రీలు బాగుండాది, కాదనను. పచ్చగా నారు, నీళ్లు చల్లతా నేను. కింద అన్నీ హార్టులే. మన ఊరి గాలి తగిలినట్టుంది అక్కా అని ఒకాయన రాసినాడు. సదివి ఏడుపొచ్చింది నాకు. కానీ ఆయప్ప ఆడ ఎడారిలో టమాటా నాటతాడా? రీలు పెడితే హార్టులన్నా వచ్చినాయి. మెసేజీలు పెడితే అవీ రాలేదు."

మునిచంద్ర దండ కట్టడం ఆపి నవ్వాడు. మేమూ నవ్వేవాళ్లమే, ఆమె మొహం చూసి ఊరుకున్నాం.

గోవిందస్వామి మాత్రం చప్పట్లు కొట్టాడు. "శభాష్! నేను చెప్పాల్సింది నువ్వే చెప్తివి. రీలు అంటే తప్పెట. కొడితే ఊరంతా ఇనపడతాది. వచ్చేది ఎవురు? పని లేనోడు ముందొస్తాడు. కొనేవాడు ఇంట్లోనే ఉంటాడు. మెసేజీ అట్ల కాదు. అది తలుపు తట్టేది. రామచంద్ర కావాలంటే రామచంద్ర తలుపే తట్టతాది, పక్కింటోడికి తెలీదు. అందుకే నీకు మెసేజీ ఏసింది. నా మెసేజీ బలం ఏందో తెలియాలంటే రామక్క కథ కడదాకా ఇనాల."

"ఇను తల్లీ, ఇనకపోతే వదలడు" అంది అన్నపూర్ణమ్మ.

"మూడో నాడు బొరుగులు అయిపోయినాయి. బియ్యం అయిపోయినాయి. కోటలో, కుప్పంలో, రామసముద్రంలో యాడా గింజ లేదు. కడాకు బాండలిలో ఇసక కూడా పొట్లాలు కట్టి ఇచ్చినాం, దాన్ని కూడా వాసనకని కొనుక్కోని పోయినారు. ఇంకేముండాది ఇచ్చేదానికి? ఏమీ లేదు. జనం మాత్రం వస్తానే ఉండారు. రామక్క ఖాళీ మూటలో దూరి మూతి కట్టేసుకునె. నాయనా, ఎవురూ రానప్పుడే బాగుండాది, ముందర మాదిరి ఏడిపించు నన్ను అని మూటలోనించి మొత్తుకుంటాండాది. పిలిచినోణ్ని నేను. పంపించేది ఎట్ల? ఆ తర్వాత ఏమైందో తెలుసా? అడవి కదిలింది."

"అడవా?"

"కుప్పం అడివి. ఏనుగులు! ఏంచిన బియ్యం వాసన గాలికి పోయింది. ముందర పెద్దది, దాని తోక పట్టుకోని ఇంకోటి, దాని తోక పట్టుకోని ఇంకోటి. కడాపటిది ఇంకా తమిళనాడులోనే ఉండాది. నేల అదురుతాండాది. జనం ఆ పక్క పరిగెత్తితే రైలోళ్లు అడ్డం, ఈ పక్క పరిగెత్తితే ఇమానం అడ్డం. ఏనుగు వచ్చి సరీగ్గా నా ముందర నిలబడె. తొండం చాపె. బొరుగులేవీ అన్నట్టు సూస్తాండాది. నా తావ ఏముండాది? ఫోన్ ఉండాది. దాంట్లోనే కొట్టినా ఒక్క మెసేజీ. 'నేడు బొరుగులు లేవు. దయచేసి తిరిగి వెళ్లగలరు. ఇట్లు రామక్క.' నొక్కినా."

అందరం ఊపిరి బిగబట్టామని చెప్పను. కానీ టీ గ్లాసులు మాత్రం నోటి దగ్గరే ఆగిపోయాయి.

"టింగ్! అన్ని జేబులూ ఒకే తూరి మోగినాయి. ఆ సద్దుకి కుప్పం కొండల్లో గువ్వలు లేచినాయి. జనం సదువుకున్నారు. సదువుకోని, సరే పద అని గమ్మున తిరుక్కున్నారు. రైలు డ్రైవరు రైలెక్కినాడు. ఇమానం ఎగిరింది. ఒక్క మెసేజీతో!"

మునిచంద్ర దండ పక్కన పెట్టాడు. "అంతా బాగుండాది స్వామీ. ఏనుక్కి ఫోన్ యాడిది?"

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు గోవిందస్వామి ముందుకు వంగాడు. "నీకు లోకం తెలీదు మునిచంద్రా. ఏనుగు యాడ తిరగతాండాదో తెలియాలని అడివి ఆఫీసోళ్లు మెడకి పట్టీ కడతారు. దాంట్లో సిమ్ముంటాది. నా మెసేజీ ఆ పట్టీలో పడింది. ఏనుగు మెడలో టింగ్ అనె. ఏనుగు చెవులు నిక్కబొడుచుకుని ఇనింది, నాకొక దండం పెట్టింది, వెనక్కి తిరిగింది. తోకలు పట్టుకున్నవన్నీ అట్లే తిరిగినాయి. అడివి జంతువుకే చేరిన మెసేజీ, అంబికమ్మా, మన చౌడేపల్లె రైతుకి చేరదా? ఈ పొద్దు కాకపోతే రేపు, నీ నర్సరీ ముందర..."

ఆ మాట పూర్తి కాకముందే ఒక టెంపో వచ్చి అంగడి ముందు కీచుమని ఆగింది. వెనక ఖాళీ టమాటా క్రేట్లు గలగలమన్నాయి. డ్రైవరు దిగాడు. ముప్ఫై ఏళ్లుంటాయేమో, గడ్డం పెరిగి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఫ్లెక్సుల అంగడి బోర్డు చదువుకుని మా వైపు తిరిగాడు.

"ఈడ గోవిందస్వామి ఎవురప్పా?"

"నేనే. రీలా, మెసేజీనా?" అని లేచి నిలబడ్డాడు గోవిందస్వామి. "సూసినావా అంబికమ్మా, ఎతుక్కోని వస్తాండారు."

"ముందు ఇది సదువు" అని ఆ మనిషి తన ఫోను ఆయన చేతిలో పెట్టాడు.

గోవిందస్వామి గొంతు సవరించుకుని మా అందరికీ వినపడేట్టు చదివాడు. "'రామచంద్ర గారూ, మీ పొలానికి మేలైన టమాటా నారు సిద్ధం. అంబిక నర్సరీ, నిమ్మనపల్లె రోడ్డు. ప్రచారం: గోవిందస్వామి ఫ్లెక్స్, పుంగనూరు బస్టాండు.' సూసినారా! పేరు పెట్టి పిలిచినా. తలుపు తట్టడమంటే ఇది. రండి రామచంద్ర గారూ, కూచోండి. అన్నపూర్ణమ్మా, ఈయనకొక టీ."

అంబిక లేచి నిలబడింది. ఆమె మొహంలో వెలుగు రావడం నేను చూశాను.

"నేను రామచంద్ర కాదు" అన్నాడు ఆ మనిషి. "కిందకి జరుపు."

"'దేవరాజులు గారూ, మీ పొలానికి మేలైన...' ఓ, దేవరాజులు గారా!"

"నేను దేవరాజులూ కాదు. ఇంకా జరుపు."

"'ఉమాశంకర్ గారూ, మీ పొలానికి...'"

"జరుపు. జరపతానే ఉండు. నీ ఏలు నొప్పి పుట్టే దాకా జరుపు. అన్నీ అవే. ఎవురెవురి పేర్లతో పిలిస్తివప్పా నన్ను? నా పేరు ఎబినేజర్. నాకు పొలమే లేదు. చౌడేపల్లె పక్క పల్లెల నుంచి మదనపల్లె యార్డుకి టమాటా తోలతా, అంతే."

గోవిందస్వామి వేలు ఆగిపోయింది. "నంబర్లు యార్డులో మండీ గుమాస్తా కాడ తీసుకున్నానే. రైతు పేరు, రైతు నంబరు, వరసగా..."

"రైతు యాడ వస్తాడప్పా మండీకి? రైతు తోటలో ఉంటాడు. ఆయప్ప సరుకు నా బండిలో వస్తాది. దించేటప్పుడు గుమాస్తా పేరు అడగతాడు, రైతు పేరు చెప్తా. ఫోన్ నంబరు అడగతాడు, నా నంబరు చెప్తా. రేటు ఎంత పలికిందని చెప్పాల్సింది నాకే కదా, నేనే పోయి వాళ్లకి చెప్పేది. ఈ పక్క టెంపోలోళ్లందరమూ అంతే. పేరు వాళ్లది, నంబరు మాది."

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, అన్నపూర్ణమ్మ వాటిని మరిచిపోయింది.

"దానికి నాకు కోపం లేదు" అన్నాడు ఎబినేజర్. ఆయన గొంతు మారింది. "నిన్న మా క్రిస్టినాని ఆస్పత్రిలో చేర్చినాం, కాన్పుకి. మొదటి బిడ్డ. లోడు ఎత్తి పెట్టుకున్నా, పోకుంటే సరుకు కుళ్లిపోతాది. మా అత్త, నువ్వు పో నాయనా, నేను మెసేజీ పెడతా అనె. దోవలో ఫోన్ టింగ్ అనె. బండి పక్కకి ఆపి, ప్రభువా అనుకోని తీసి సూస్తే నారు సిద్ధం. మళ్లా టింగ్. మళ్లా ఆపితి. నారు సిద్ధం. టింగ్ అన్నప్పుడల్లా నా గుండె నోట్లోకి వచ్చె. ఎన్ని తూర్లు ఆపినానో నాకే తెలీదు. కడాకు విసుగెత్తి ఫోన్ సీటు కింద పారేసినా. ఆ తర్వాత వచ్చింది మా అత్త మెసేజీ. నాకు బిడ్డ పుట్టిన సంగతి ఊరందరికీ తెలిసినాక నాకు తెలిసింది."

"తల్లీబిడ్డా ఎట్లుండారు?" అంది అన్నపూర్ణమ్మ గబగబా.

"బాగుండారమ్మా, దేవుడి దయ. ఆడబిడ్డ."

"ఆ మాట ముందు చెప్పకూడదా నాయనా, నా ప్రాణం పోయింది" అని ఆమె పాలు దించి, అందరికంటే ముందు ఆయనకే టీ పోసింది. చక్కెర రెండు చెంచాలు ఎక్కువ వేసింది.

అంబిక మెల్లగా మళ్లీ కూర్చుంది. వచ్చిన వెలుగు మొహం నుంచి పోయింది. "అంటే ఒక్క రైతుకీ పోలేదు" అంది, ఎవరితోనూ కాకుండా. "నా నారు ఇంక దిబ్బ పాలే."

గోవిందస్వామి బోర్డు వైపు చూశాడు, నేల వైపు చూశాడు, మళ్లీ బల్ల మీద కూర్చున్నాడు. ఆయన ఊరికే కూర్చోవడం నేను చూసింది ఆ రోజే. నాకు జాలేసింది కూడా.

ఎబినేజర్ ఆమెను అప్పుడు గమనించాడు. "ఆ నర్సరీ నీదా అక్కా?"

ఆమె తల ఊపింది.

"అయ్యో" అన్నాడు. టీ గ్లాసు కింద పెట్టాడు. "ఈ పొద్దు తెల్లారి రామచంద్ర నన్ను అడిగినాడక్కా, మంచి నారు యాడ దొరుకుతాదిరా అని."

"నువ్వేం చెప్పినావు?"

"ఏం చెప్తా? నారు అనే మాట ఇంటేనే ఒళ్లు మండతాండాది. నాకు తెలీదు పో అంటి."

అంబిక నవ్వాలో ఏడవాలో తెలీనట్టు ఆయన్నే చూసింది. తర్వాత ఆమె చూపు ఆయన భుజం మీదుగా టెంపో మీదికి పోయింది. "పొయ్యేటప్పుడు బండి ఖాళీగానే పోతాదా తమ్ముడూ?"

"ఖాళీ క్రేట్లే కదక్కా. ఆ రోడ్డు గుంతలకి అవి ఎగిరెగిరి పడతాంటాయి."

"క్రేటులో నారు ట్రే పట్టతాదా?"

ఎబినేజర్ లేచి పోయి, ఒక క్రేటు దించి జానతో కొలిచి చూశాడు. వచ్చి కూర్చున్నాడు. "పట్టతాది. రేపు నేను సరుకు దించే వేళకి యార్డు గేటు కాడికి ఆటోలో తెచ్చి పెట్టక్కా. రామచంద్రకి కావాల. దేవరాజులు దున్ని పెట్టుకోనుండాడు. ఉమాశంకర్ వద్దంటాడు, ఆయప్ప బీన్సు ఏస్తాండాడు. పేరు పేరునా మెసేజీలు నాకే కదా వచ్చినాయి, పేరు పేరునా నేనే ఇంటికాడ దించి వస్తా."

అంబిక కళ్లు తుడుచుకుంది. చల్లారిపోయిన టీ ఒక్క గుటకలో తాగేసింది. ట్రేలు తడపాలి, మదనపల్లె బస్సు ఎప్పుడు అని అన్నపూర్ణమ్మను అడిగింది. పొద్దున్నుంచి ఆమె చేతిలోనే ఉన్న ఫోనును అప్పుడు సంచిలో పెట్టింది.

గోవిందస్వామికి ప్రాణం లేచొచ్చింది. "సూసినారా!" అని బల్ల మీద చరిచాడు. "నా మెసేజీ రైతుకి చేరిందా లేదా? ఫోన్ మోగితే ఏముండాది, నా మెసేజీ టెంపో ఎక్కి, నారు తీసుకోని, ఇంటి కాడికే పోయి తలుపు తట్టతాండాది! ఈ మాదిరి మెసేజీ బెంగుళూరులో ఒక్కడు ఏసింటే చెప్పండి. ఏదీ, ఆ ఏనుగు సంగతి యాడ ఆపితి?" అంటూ గ్లాసు ఎత్తాడు.

మునిచంద్ర తెగిన దారం ముడి వేసుకుంటూ తల ఎత్తకుండానే అన్నాడు. "ఏనుగు మెడలో మోగిందంటివే స్వామీ, ఆ నంబరు కూడా ఒక తూరి సరిగ్గా సూడు. అదీ ఈయప్పదేనేమో."

గోవిందస్వామికి టీ పొలమారింది.